తమ్ముడు చెప్పాడు, నేను సరిగ్గా వినలేదు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, తమ్ముడికి 17. చిన్నప్పటి నుంచి మా ఇద్దరి మధ్య దాపరికాలు లేవు. పదకొండు రోజుల క్రితం, ఇంట్లో అందరూ పడుకున్నాక వాడు వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అక్కా, నేను గే" అన్నాడు. నాకేం తోచలేదు. "నీకు కచ్చితంగా తెలుసా? ఈ వయసులో ఇలాంటివి అనిపిస్తాయి, పోతాయిలే. అమ్మకు మాత్రం చెప్పకు, తట్టుకోలేదు" అనేశాను. "సరే" అని లేచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి అవసరానికి మించి నాతో మాట్లాడటం లేదు.

ఏడాదిగా వాడు మారిపోతూనే ఉన్నాడని ఇప్పుడు అర్థమవుతోంది. రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటాడు. ఇష్టంగా ఆడే ఆట మానేశాడు. మార్కులు తగ్గాయి. ఎవరైనా దగ్గరికి వస్తే ఫోన్ స్క్రీన్ తిప్పేస్తాడు. క్లాసులో తన నడకను, మాటను అనుకరించి నవ్వుతారని ఒకసారి చెప్పాడు, నేను పట్టించుకోలేదు. మొన్న "నేను లేకపోతే మీ అందరికీ తేలిక" అని నవ్వేశాడు. పేరు చెప్పకుండా దగ్గరి బంధువు ఒకాయన్ని అడిగాను. ఆయన డాక్టర్. "చిన్న వయసులోనే పట్టుకుంటే మార్చే వైద్యం ఉంది" అన్నారు. అది నిజమేనా? గే కాబట్టి డిప్రెషన్ వచ్చిందా, డిప్రెషన్‌లో ఉండి అలా అనుకుంటున్నాడా? అమ్మానాన్నలకు చెప్పాలా? ఆ రాత్రి నేనన్న మాటల్ని ఎలా సరిదిద్దుకోవాలి?
- ఒక అక్క

సమాధానం: మీరు చివర నాలుగు ప్రశ్నలు అడిగారు. వాటికి వస్తాను. అయితే మధ్యలో మీరు రాసి దాటి వెళ్లిపోయిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. 'నేను లేకపోతే మీ అందరికీ తేలిక.' వాడు నవ్వుతూ అన్నాడు కాబట్టి మీరూ తేలిగ్గా రాశారు. చావు ఆలోచన మొదటిసారి నోటి వెంట వచ్చేటప్పుడు చాలాసార్లు అలా నవ్వుతోనే వస్తుంది. ఎదుటి మనిషి ముఖం చూసి, వీళ్లు తట్టుకోలేరు అనిపిస్తే 'ఊరికే అన్నాలే' అని తప్పించుకోవడానికి వీలుగా ఉంటుంది కదా. అందుకే క్షమాపణ కంటే, అమ్మానాన్నల సంగతి కంటే ముందు, ఇది చదివిన రోజే వాడిని అడగండి.

సూటిగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని, ఆ మాటతోనే. "పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అని మాత్రం అడగొద్దు. అందులో మీరు ప్రశ్నతో పాటు జవాబు కూడా ఇచ్చేస్తున్నారు, వాడు తల ఊపి ఊరుకుంటాడు. అడిగితే లేని ఆలోచనను మనమే పుట్టించినట్టు అవుతుందేమోనని చాలామంది భయపడతారు. ఈ భయాన్ని పరిశోధకులు పదే పదే పరీక్షించి చూశారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ముదరదు. పైగా ఇన్నాళ్లూ ఒక్కడే మోస్తున్నదాన్ని ఎవరో పేరు పెట్టి పలికారని చాలామందికి ఊపిరి అందుతుంది.

"అవును" అంటే అప్పుడు ఉపన్యాసం మొదలుపెట్టకండి. "అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా?" అని అసలే అనొద్దు. తాను అందరికీ భారమని నమ్ముతున్న పిల్లవాడికి ఆ మాట ఇంకో రుజువు అవుతుంది. మెల్లగా ఇంకో రెండు అడగండి: ఎలా అని కూడా ఆలోచించావా? ఎప్పుడని అనుకున్నావా? ఆలోచన అప్పుడప్పుడూ వచ్చి పోతోంది, అంతకు మించి ఏమీ లేదు అంటే, ఈ వారంలోనే సైకియాట్రిస్ట్‌నో సైకాలజిస్ట్‌నో కలవండి. ఎలాగో, ఎప్పుడో అనుకుని ఉన్నాడంటే ఆగడానికి లేదు. వాడిని ఒంటరిగా వదలకండి. హాని చేసుకోవడానికి పనికొచ్చేవి, ఇంట్లో ఉన్న మందులతో సహా, చేతికి అందకుండా తీసేయండి. ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. మీరున్న చోట పనిచేసే ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ నంబరు ఇప్పుడే వెతికి మీ ఫోన్‌లోనూ, వాడు ఒప్పుకుంటే వాడి ఫోన్‌లోనూ పెట్టండి. అంత తీవ్రమైన తపన చాలామందిలో కొన్ని నిమిషాలో, కొన్ని గంటలో ఉండి వెనక్కి తగ్గుతుంది. ఆ కాసేపు ఒక మనిషి పక్కన ఉండటం, ప్రమాదకరమైన వస్తువు దూరంగా ఉండటం నిజంగా ప్రాణాలు నిలబెడతాయి.

ఆ సమయంలో వాడు "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటాడు. వేయకండి. ఇక్కడ మీరు రెండు సంగతుల్ని విడదీసి పట్టుకోవాలి. వాడు గే అన్నది వాడి సంగతి. వాడి ప్రాణానికి ముప్పు ఉందన్నది ఇంటి సంగతి. "తమ్ముడు చచ్చిపోవాలని ఆలోచిస్తున్నాడు, ఇవాళే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి" అని అమ్మానాన్నలతో మీరు చెప్పొచ్చు, చెప్పాలి కూడా. ఎందుకట అని వాళ్లు అడిగితే, "చాలా బాధలో ఉన్నాడు, ఎందుకో వాడికి వీలైనప్పుడు వాడే చెబుతాడు" అంటే చాలు. అందులో అబద్ధం లేదు. ఈ తేడాను వాడికి కూడా ముందే చెప్పండి: "నీ గురించి నువ్వు చెప్పింది నా నోటి నుంచి బయటికి రాదు. నువ్వు ప్రమాదంలో ఉన్నావనిపిస్తే మాత్రం సాయం పిలుస్తాను." ఈ షరతు వినగానే వాడికి కోపం రావచ్చు. రానివ్వండి.

ఇక ఆ రాత్రి సంగతి. మీరు చెడ్డ అక్క అని మీకే అనిపిస్తున్నట్టుంది, ఉత్తరం నిండా అదే కనబడుతోంది. నాకు అలా అనిపించలేదు. అయినా మీరన్న మాటలు వాడికి ఎలా వినిపించి ఉంటాయో ఒక్కొక్కటీ చూడటం మంచిది, లేకపోతే మీ క్షమాపణ గురి తప్పుతుంది.

"నీకు కచ్చితంగా తెలుసా?" వాడు మీ మంచం అంచున కూర్చునే సమయానికి ఆ ప్రశ్నను తనను తాను వందసార్లు అడుక్కుని ఉంటాడు. 'కాదేమో' అని చూసుకుని, మళ్లీ చూసుకుని, ఇక తప్పదని ఒప్పుకున్నాక మీ దగ్గరికి వచ్చాడు. ఆడవాళ్లను ఇష్టపడే పదిహేడేళ్ల అబ్బాయిని ఈ ప్రశ్న ఎవరూ అడగరు, గమనించారా?

"పోతాయిలే." మీ ఉద్దేశం ఓదార్పు. వాడికి వినిపించింది మాత్రం 'పోతే బాగుండు' అని. కొందరిలో లైంగికత గురించిన అవగాహన కాలంతో పాటు మారే మాట నిజమే. కానీ మారడం, మారకపోవడం వాడి చేతిలోనూ లేదు, మీ చేతిలోనూ లేదు. ఇవాళ వాడు తన గురించి చెబుతున్నది ఇవాళ నమ్మితే సరిపోతుంది.

"అమ్మకు మాత్రం చెప్పకు, తట్టుకోలేదు." మూడింట్లో బరువైనది ఇదే. మొదటి రెండూ మీ అజ్ఞానం అనుకుని వాడు సర్దుకోగలడు. ఈ మూడోది, వాడు రాత్రుళ్లు మేలుకుని భయపడుతున్నదేదో అదే నిజమని ఇంట్లో మనిషే ముద్ర వేసినట్టయింది. నేనున్నది ఉన్నట్టు తెలిస్తే మా అమ్మ కూలిపోతుంది అని. అక్కడి నుంచి 'నేను లేకపోతే తేలిక' అన్న మాటకు ఎంతో దూరం లేదు. మిమ్మల్ని బాధపెట్టడానికి ఇది రాయడం లేదు. సరిదిద్దాల్సింది ఎక్కడో చూపించడానికి రాస్తున్నాను.

సరిదిద్దడం మీరనుకున్నంత కష్టం కాదు. వాడి గదికి వెళ్లండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి 'మాట్లాడాలి' అనకండి, కలిసి నడుస్తూనో, ఏదైనా పని చేస్తూనో అయితే కళ్లలో కళ్లు పెట్టి చూడాల్సిన అవసరం ఉండదు, ఆ వయసు పిల్లలకు అది సుఖం. ఇలా అనొచ్చు: "ఆ రాత్రి నువ్వు చెప్పినప్పుడు నేను భయపడ్డాను, నీ మాట వినకుండా నా భయమే మాట్లాడాను. తప్పు చేశాను. నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. నువ్వు మొదట నా దగ్గరికి వచ్చినందుకు నాకు గొప్పగా ఉంది. నువ్వు మాట్లాడాలనుకున్నప్పుడు వింటాను, వద్దనుకుంటే ఊరికే పక్కన కూర్చుంటాను." అంతే. 'నేను అలా అనడానికి కారణం ఏంటంటే' అని వివరణలోకి వెళ్లారంటే క్షమాపణ కాస్తా వాదన అయిపోతుంది. వాడు మళ్లీ "సరే" అని వెళ్లిపోవచ్చు. పదకొండు రోజుల మౌనం ఒక్క మాటతో తీరదు. మరునాడు మామూలుగా పలకరించండి, ఆ తర్వాతి రోజు కూడా. మీరు మారలేదని, అంటే వాడితో ఎప్పటిలాగే ఉన్నారని, వాడికి రోజులు గడిస్తేనే నమ్మకం కుదురుతుంది.

ఇప్పుడు మీ ముందు ప్రశ్న: ఏది దేనివల్ల? గే కావడం వల్ల డిప్రెషన్ రాదు. డిప్రెషన్ వల్ల ఎవరూ గే అయిపోరు. 1957లో ఎవలిన్ హుకర్ అనే సైకాలజిస్ట్ ముప్పై మంది గే పురుషులకు, ముప్పై మంది ఇతర పురుషులకు ఒకే రకం మానసిక పరీక్షలు పెట్టి, ఎవరివి ఏవో చెప్పకుండా నిపుణుల చేతికి ఇచ్చింది. వాళ్లు వేరు చేయలేకపోయారు. మనసు ఆరోగ్యంలో తేడా కనిపించలేదు. మరి ఎల్‌జీబీటీక్యూ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ వంటి) యువతలో డిప్రెషన్, యాంగ్జైటీ, ఆత్మహత్యా ప్రయత్నాలు తోటివాళ్ల కంటే ఎక్కువని దేశదేశాల సర్వేలు ఎందుకు చెబుతున్నాయి? దీనికి ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 1995లోనూ, మరింత వివరంగా 2003లోనూ ఇచ్చిన వివరణను ఇప్పుడు దాదాపు అందరూ ఆధారంగా తీసుకుంటున్నారు. దాని పేరు మైనారిటీ స్ట్రెస్. అందరికీ ఉండే చదువు, డబ్బు, ఆరోగ్యం చింతలకు తోడు, వీళ్ల మీద ఇంకో పొర ఒత్తిడి ఉంటుంది. వెక్కిరింపులు, దెబ్బలు పైకి కనబడేవి. కనబడనివి మూడు: ఎప్పుడు ఎవరు వెలివేస్తారోనన్న ఎదురుచూపు, తనను తాను దాచుకునే శ్రమ, చుట్టూ వినబడే చులకనే నిజమేమోనని తన మీద తనకే కలిగే అసహ్యం.

నాకు దీన్ని కాపలా అని పిలవడం ఇష్టం. మీ తమ్ముడు ఏడాదిగా ఇరవై నాలుగు గంటల కాపలా కాస్తున్నాడు. ఎలా నడుస్తున్నాను, చేతులు ఎలా తిప్పుతున్నాను, ఎవరి వైపు ఎంతసేపు చూశాను, ఫోన్‌లో ఏ పేరు కనబడింది, ఎవరో జోకు వేస్తే నేను తగినంతగా నవ్వానా. నిద్రపోకపోవడానికి, మార్కులు తగ్గడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. బుర్రలో చదువుకు చోటెక్కడుంది? ఆట మానేయడం కూడా, నాకు తోచినంతలో, జట్టులో ఉండటమంటే ఇంకా ఎక్కువ కళ్ల ముందు కాపలా కాయాల్సి రావడం వల్లే కావచ్చు. రంగు వల్లో, మతం వల్లో బయట అవమానం పడిన పిల్లలు ఇంటికొస్తే అక్కడ తమలాంటి వాళ్లే ఉంటారు. అమ్మ 'నాకూ ఇలాగే జరిగింది' అని దగ్గరికి తీసుకుంటుంది. ఈ పిల్లలకు ఆ వీలు లేదు. కాపలా ఇంట్లో ఇంకా గట్టిగా కాయాలి, ఎందుకంటే పోగొట్టుకునేది ఇక్కడే ఎక్కువ.

అందుకే వాడికి మీరు ఇవ్వగలిగింది సలహాలు కాదు, కాపలా దించుకునే ఒక చోటు. మీ గది, మీతో ఒక గంట, మీ ముందు ఫోన్ తిప్పక్కర్లేకపోవడం. ఇది చిన్న విషయంగా అనిపిస్తే ఒక లెక్క చెబుతాను. ఎల్‌జీబీటీక్యూ పిల్లల కోసం పనిచేసే ట్రెవర్ ప్రాజెక్ట్ 2019లో విడుదల చేసిన వివరాల ప్రకారం, తమను ఉన్నదున్నట్టు ఒప్పుకునే పెద్దవాళ్లు కనీసం ఒక్కరైనా ఉన్న యువతలో, గడిచిన ఏడాదిలో ఆత్మహత్యకు ప్రయత్నించామని చెప్పినవాళ్లు 40 శాతం తక్కువ. ఆ ఒక్కరు తల్లో తండ్రో కానక్కర్లేదు, టీచర్ కావచ్చు, అక్క కావచ్చు. మీకు 24 ఏళ్లు. ఆ లెక్కలో మీరు పెద్దవాళ్లే.

ఫోన్ గురించి ఒక మాట. లాక్కోకండి, దొంగచాటుగా చూడకండి. వాడికి తనలాంటి ఇంకో మనిషి ఈ లోకంలో ఉన్నాడని తెలిసిన ఏకైక కిటికీ బహుశా అదే. అయితే కిటికీలోంచి అన్ని రకాల వాళ్లూ తొంగి చూస్తారు. ఒంటరిగా ఉన్న పిల్లల్ని పసిగట్టి, ఫొటోలు పంపించుకుని, తర్వాత 'మీ ఇంట్లో చెబుతా' అని బెదిరించేవాళ్లు ఉన్నారు. ఇంట్లో తెలిస్తే కొంపమునుగుతుందన్న భయమే వాళ్ల పెట్టుబడి. "ఎవరైనా నిన్ను అలా బెదిరిస్తే, నువ్వేం పంపి ఉన్నా సరే, ముందు నా దగ్గరికి రా, నేను తిట్టను" అని ఒకసారి చెప్పి వదిలేయండి. ఆ మాట గుర్తుంటుంది.

బంధువు చెప్పిన వైద్యం సంగతికి వస్తే: లేదు, అలాంటి వైద్యం లేదు. డాక్టర్ అన్నాడు కదా అని తడబడకండి. 1973లోనే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 1990 మే 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేసింది. జబ్బు కానిదానికి మందేమిటి? అయినా 'మార్చే చికిత్స' పేరుతో, కన్వర్షన్ థెరపీ పేరుతో, కౌన్సెలింగ్ నుంచి కరెంటు షాకుల దాకా పిల్లల మీద ప్రయోగించారు, ఇప్పటికీ చాటుగా ప్రయోగిస్తున్నారు. వాటివల్ల ఆకర్షణ మారదు. మిగిలేది సిగ్గు, డిప్రెషన్, చావు ఆలోచనలు.

ఇందులో రాబర్ట్ స్పిట్జర్ అనే సైకియాట్రిస్ట్ కథ ఒకటి ఉంది, నేను దాన్ని మరిచిపోలేను. 1973 నిర్ణయానికి ముందుండి పాటుపడిన వాళ్లలో ఆయన ఒకరు. అదే మనిషి 2003లో, ప్రయత్నిస్తే కొందరు మారగలరన్నట్టు ఒక అధ్యయనం ప్రచురించాడు. రెండు వందల మందిని ఫోన్‌లో అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు నమ్మి రాసింది అది. ఎన్నో కుటుంబాలు దాన్ని పట్టుకుని పిల్లల్ని ఈడ్చుకెళ్లాయి. 2012లో, ఎనభయ్యో ఏట, తన అధ్యయనం ఆ విషయాన్ని రుజువు చేయలేదని ఒప్పుకుని గే సమాజానికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. మీ బంధువు ఎక్కడో విన్నది బహుశా ఆ క్షమాపణకు ముందు సగమే. ఆయనతో వాదించి లాభం లేదు. ఇంకోసారి ప్రస్తావిస్తే మీ ప్రశ్న ఎవరి గురించో ఊహించే వీలు కూడా ఇవ్వకండి, మాట మార్చేయండి.

ఇందాక సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లమని నేనే రాశాను. రెండూ ఒకటి కాదు. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, తాను భారమనిపించడం రెండు వారాలకు మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి మాటలతో చేసే థెరపీ ఉంది, అవసరమైతే మందులున్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. చికిత్స చేయించాల్సింది డిప్రెషన్‌కు, తమ్ముడి ఇష్టాలకు కాదు. ఈ తేడా తెలిసిన వైద్యుడిని ఎంచుకోవడమే అసలు పని. ముందు మీరే ఫోన్ చేయండి, వాడి పేరు చెప్పకుండా. "గే యువకులతో ఇంతకు ముందు పనిచేశారా? స్వలింగ ఆకర్షణను మార్చాల్సిన సమస్యగా చూస్తారా? పదిహేడేళ్ల పిల్లవాడు మీతో చెప్పింది తల్లిదండ్రులకు ఎంతవరకు చెబుతారు?" ఈ మూడు అడగండి. రెండోదానికి నీళ్లు నమిలినా, 'చూద్దాం, కొన్నిసార్లు ఫేజ్ అయి ఉంటుంది' అన్నా, థ్యాంక్స్ చెప్పి పెట్టేయండి. మూడోదానికి స్పష్టమైన జవాబు ఇచ్చేవాళ్లు సాధారణంగా మంచివాళ్లు. ప్రాణహాని ఉంటే చెప్పక తప్పదని, మిగతాది గోప్యమని వాళ్లే అంటారు. మొదటి మనిషి నచ్చకపోతే రెండో మనిషిని చూడటం తప్పు కాదని తమ్ముడికి చెప్పండి. ఒక్క చేదు అనుభవంతో 'థెరపీ నాకు పడదు' అని తేల్చేసుకునేవాళ్లు చాలామంది.

అమ్మానాన్నలకు చెప్పాలా అంటే, మీరు చెప్పకూడదు. వాడు ఎప్పుడు, ఎలా, అసలు చెప్పాలో లేదో వాడే తేల్చుకుంటాడు. 'ఒక్కసారి బయటపడితే హాయిగా ఉంటుంది' అని వాడిని తోయకండి. అది అందరి విషయంలోనూ నిజం కాదు. వాడు ఇంకా వాళ్ల మీదే ఆధారపడి ఉన్నాడు. చెబితే ఇంట్లోంచి పంపేస్తారా, చదువు ఆపేస్తారా, కొడతారా, ఆ 'మార్చే' వాళ్ల దగ్గరికి లాక్కెళ్తారా? ఈ ప్రశ్నల్లో దేనికైనా 'అవునేమో' అనిపిస్తే, తన కాళ్ల మీద తాను నిలబడే దాకా ఆగడం పిరికితనం అనిపించుకోదు. చెప్పాలనుకుంటే మాత్రం ముందు మీరిద్దరూ కూర్చుని, గొడవైతే ఆ రాత్రి ఎక్కడ ఉండాలో, ఎవరికి ఫోన్ చేయాలో అనుకుని ఉండండి.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. టీవీలోనో వార్తల్లోనో అలాంటి మనిషి కనబడ్డప్పుడు అమ్మానాన్నలు ఏమంటారో వినండి. ఎగతాళి వస్తే కోపం లేకుండా, "అందులో తప్పేముంది నాన్నా, వాళ్లు అంతే, జబ్బు కాదట" అని ఒక్క మాట అనండి. తమ్ముడు వింటూ ఉంటాడు. అమ్మానాన్నల మనసు మారినా మారకపోయినా, ఆ గదిలో తన పక్షాన ఒక గొంతు ఉందని వాడికి తెలుస్తుంది.

వాళ్లు ఎలా స్పందిస్తారన్నది చిన్న విషయం కాదు. కేట్లిన్ రయాన్, ఆమె సహ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో 21 నుంచి 25 ఏళ్ల మధ్య 224 మంది లెస్బియన్, గే, బైసెక్సువల్ యువతను, టీనేజీలో కుటుంబం తమతో ఎలా ఉండేదో అడిగారు. తీవ్రంగా తిరస్కరించిన కుటుంబాల పిల్లల్లో, తిరస్కారం లేని లేదా తక్కువగా ఉన్న కుటుంబాల పిల్లల కంటే ఆత్మహత్యకు ప్రయత్నించే అవకాశం 8.4 రెట్లు, తీవ్ర డిప్రెషన్ దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా ఉంది. ఇందులో నన్ను ఆపింది ఆ అంకెలు కాదు, తిరస్కారం కింద వాళ్లు లెక్కపెట్టిన పనులు. కొట్టడం, గెంటేయడం మాత్రమే కాదు. స్నేహితుల్ని కలవనివ్వకపోవడం, 'నీ వల్ల పరువు పోయింది' అనడం, ఇంట్లో ఆ ఊసే ఎత్తొద్దనడం కూడా. పిల్లవాడి మంచి కోసమే చేస్తున్నామని నమ్ముతూ చేసే పనులే అందులో ఎక్కువ. ప్రేమ లేక కాదు, ప్రేమను భయం మింగేయడం వల్ల.

అలాంటి తల్లిదండ్రులు మారతారా? మారతారు, కొందరు ఆశ్చర్యం కలిగించేంతగా. జీన్ మాన్‌ఫర్డ్ అనే స్కూల్ టీచర్ 1972లో న్యూయార్క్‌లో గే హక్కుల ఊరేగింపులో గే అయిన కొడుకు పక్కన బోర్డు పట్టుకుని నడిచింది. తల్లిదండ్రులంతా పిల్లల వెనక నిలబడాలని దాని మీద రాసుకుంది. దారి పొడవునా యువతీయువకులు వచ్చి 'మా అమ్మతో మాట్లాడతారా' అని బతిమాలారు. మరుసటి ఏడాది ఆమె పెట్టిన మొదటి సమావేశానికి ఇరవై మంది దాకా వచ్చారు. అదే తర్వాత పీఫ్లాగ్ అనే పెద్ద సంస్థ అయింది. తల్లిదండ్రులకు తల్లిదండ్రులే చెప్పే ఈ పద్ధతి కౌన్సెలర్ల కంటే బాగా పనిచేయడం నేను చూశాను. మీ అమ్మానాన్నలకు తెలిసే రోజు వస్తే, అలాంటి ఇంకో తల్లినో తండ్రినో వెతికి పెట్టండి. మీ వాదనలు పక్కన పెట్టొచ్చు.

క్లాసులో వెక్కిరింపుల విషయం మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అప్పుడు పట్టించుకోలేదు, ఇప్పుడు మళ్లీ అడగండి. ఎవరు, ఎక్కడ, చేయి చేసుకుంటున్నారా అని. స్కూల్‌కు వెళ్లి మాట్లాడాలంటే ముందు వాడి ఒప్పుదల తీసుకోండి, లేకపోతే మరునాడు అది వాడి మీదకే వస్తుంది. మాట్లాడితే వాడి లైంగికత ఊసు తేనక్కర్లేదు. 'నడకను అనుకరించి ఏడిపిస్తున్నారు, ఆపండి' అన్న ఫిర్యాదుకు అంతకు మించి కారణం అక్కర్లేదు. గే కాని పిల్లల్ని కూడా ఇలాగే ఏడిపిస్తారు, అదీ తప్పే.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలన్నీ గే తమ్ముళ్ల గురించే రావు. ఆడ, మగ ఇద్దరి మీదా ఆకర్షణ కలిగే బైసెక్సువల్ పిల్లలకు రెండు వైపుల నుంచీ 'ఏదో ఒకటి తేల్చుకో' అన్న పోరు ఉంటుంది. పుట్టినప్పుడు ఆడో మగో అని రాసింది తమది కాదనిపించే ట్రాన్స్‌జెండర్ పిల్లలకు రోజూ పిలిచే పేరే గుచ్చుకుంటుంది. 129 మంది ట్రాన్స్ యువతతో చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తాము ఎంచుకున్న పేరుతో పిలిచే చోటు ఇల్లో, బడో, స్నేహితులో ఒక్కటి పెరిగినా ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం తగ్గినట్టు తేలింది. పేరు పెట్టి పిలవడానికి ఎవరికీ ఖర్చు లేదు. ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తప్పించింది, ఆ మార్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది.

మళ్లీ మీ దగ్గరికి. ఈ రహస్యం ఇప్పుడు మీ మీద కూడా బరువే. అమ్మ ముఖం చూసి ఏమీ తెలియనట్టు ఉండాలి, రాత్రుళ్లు వాడి గదిలో లైటు వెలుగుతోందా అని చూడాలి. మీకూ మాట్లాడుకోవడానికి ఒక మనిషి కావాలి, అది బంధువుల్లో మనిషి కాకుండా చూసుకోండి. ఎల్‌జీబీటీక్యూ సంస్థల హెల్ప్‌లైన్లు చాలావరకు కుటుంబ సభ్యులతో కూడా మాట్లాడతాయి, పేరు అడగవు. మీలో కూడా ఒక మూల దిగులు ఉండొచ్చు, తమ్ముడి గురించి మీరు ఊహించుకున్న పెళ్లి, పిల్లలు, ఆ బొమ్మ చెదిరినందుకు. ఉంటే సిగ్గుపడొద్దు. దాన్ని కౌన్సెలర్ దగ్గరో స్నేహితురాలి దగ్గరో కక్కేయండి, తమ్ముడి ముందు మాత్రం పెట్టకండి. మిమ్మల్ని ఓదార్చే పని కూడా వాడి మీద పడకూడదు.

మీరు రాసిన ఊరు, వాడి చదువు, మీ ఇంటి వివరాలు అన్నీ తీసేసి ఉత్తరాన్ని వేశాను. బంధువు గురించి రాసింది కూడా గుర్తుపట్టకుండా మార్చాను. అయినా వాడికి తెలియకుండా వాడి సంగతి మూడో మనిషికి చేరింది, ఆ మూడో మనిషిని నేనే. మీరిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టాక ఈ సంగతి కూడా వాడికి చెప్పేయండి. ఎలా ఉన్నాడో తెలుసుకోవాలని నాకూ ఉంటుంది, కానీ ఈసారి రాసే ముందు వాడిని అడగండి. వద్దంటే రాయకండి.